ప్రాగ్‌లో రెండు రోజులు: రాజులు ఎక్కిన దారిలో మనం దిగుదాం

యూరప్ ట్రిప్ అనగానే మనవాళ్లు ముందు వేసే లెక్క 'ఎన్ని దేశాలు?' అని. నాలుగు రోజుల సెలవు దొరికితే మూడు రాజధానులు, రోజుకో హోటల్, పొద్దున్నే పెట్టెలు సర్దుకుని స్టేషన్‌కి పరుగు. తిరిగొచ్చాక ఫోన్‌లో ఆరేడు వందల ఫొటోలుంటాయి. అందులో ఏ చర్చి ఏ ఊళ్లోదో పిల్లల్ని అడిగితే చెప్పలేరు, నిజానికి మనమూ చెప్పలేం. మేమూ అలా తిరిగినవాళ్లమే.

ఈసారి అలా కుదరలేదు. అమ్మానాన్న గుంటూరు నుంచి లండన్ వచ్చి ఉన్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాన్నకు డెబ్భై రెండేళ్లు. మావాడికి పదేళ్లు, పది నిమిషాలు ఒకచోట నిలబడడు. అందుకే ఒక్కటే ఊరు, ఆ ఊళ్లో ఒక్కటే దారి అనుకున్నాం. ఊరు చెక్ దేశపు రాజధాని ప్రాగ్. దారి, పూర్వం అక్కడి రాజుల పట్టాభిషేకపు ఊరేగింపు సాగిన రాజమార్గం. పౌడర్ టవర్ అనే పాత కోటద్వారం దగ్గర మొదలై, ఓల్డ్ టౌన్ స్క్వేర్ మీదుగా, చార్లెస్ బ్రిడ్జి దాటి, కొండమీద కోటకు చేరుతుంది. మొత్తం రెండున్నర కిలోమీటర్లు. రాజులు కింద నుంచి పైకి ఎక్కారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పై నుంచి కిందికి దిగితే మంచిది. అలా దిగితే ఇంకో లాభం కూడా ఉంది. ఆ ఊరి కథ ఒకటి వరసలో అర్థమవుతుంది. అదెలాగో చెప్పే ముందు, కాగితాల సంగతి.

ముందు కాగితాలు

యూకేలో ఉండే మన ఇళ్లలో ఒకే కుటుంబంలో రెండు మూడు రకాల పాస్‌పోర్టులుంటాయి. పిల్లలకు బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉంటే ఇలాంటి చిన్న ట్రిప్‌కు వీసా అక్కర్లేదు. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు, యూకేలో ఐఎల్ఆర్ ఉన్నా సరే, షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి ఆ 15 రోజుల మాట నమ్ముకోవద్దు. పెద్దలకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, ఆరేళ్లలోపు వాళ్లకు లేదు. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. పాస్‌పోర్ట్ పదేళ్లలోపు ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలైనా చెల్లుబాటులో ఉండాలి.

ఎక్కువమంది దెబ్బతినేది అమ్మానాన్నల విషయంలో. విజిట్ వీసా మీద యూకే వచ్చినవాళ్లు ఇక్కడి నుంచి షెంగెన్ వీసా సులువుగా తీసుకోవచ్చనుకుంటాం. కానీ సాధారణంగా ఎవరు ఎక్కడ నివాసం ఉంటారో అక్కడే దరఖాస్తు చేసుకోవాలి. యూకేకి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల నివాసం ఇండియానే. కాబట్టి యూరప్ చూపించాలనుకుంటే వాళ్లు ఇండియాలో విమానం ఎక్కకముందే అక్కడే ఆ వీసా తీసుకోవాలి. టికెట్లు కొన్నాక ఈ సంగతి తెలిసి ఆగిపోయిన కుటుంబాలు నాకు తెలుసు.

ఇంకొకటి తిరిగి వచ్చేటప్పటిది. బీఆర్‌పీ కార్డుల స్థానంలో ఇప్పుడు ఈ-వీసా ఉంది. ఈమధ్య భారత పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకున్నవాళ్లు కొత్త నంబరును యూకేవీఐ అకౌంట్‌లో మార్చుకున్నారో లేదో చూసుకోండి. లేకపోతే తిరుగు విమానం ఎక్కే దగ్గర ఇబ్బంది పడతారు. ఇక 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త పద్ధతిలో షెంగెన్ సరిహద్దు దగ్గర పాస్‌పోర్ట్ మీద ముద్ర బదులు ఫొటో, వేలిముద్రలతో నమోదు ఉంటుంది. 12 ఏళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. లైను కాస్త పొడుగ్గానే ఉంటుంది, కాబట్టి శనివారం పొద్దున కాకుండా శుక్రవారం సాయంత్రమే దిగితే మంచిది.

శనివారం కోట, ఆదివారం యూదుల పేట

ఈ వరస మార్చకండి. యూదు మ్యూజియం వాళ్ల సినగాగులు, పాత శ్మశానం శనివారం మూసి ఉంటాయి, అది వాళ్ల సబ్బాత్. యూదుల పండుగ రోజుల్లోనూ అంతే. అటు కోటలోని సెయింట్ వైటస్ కెథడ్రల్‌లో ఆదివారం పొద్దున ప్రార్థనలు జరుగుతాయి, చూడటానికి వచ్చేవాళ్లను మధ్యాహ్నం దాకా పంపరు. అంటే వీకెండ్‌లో వెళ్లేవాళ్లకు సరిగ్గా కుదిరే వరస ఒక్కటే. ఇది తెలియక తిరగేసి వెళ్లినవాళ్లు రెండుచోట్లా మూసిన తలుపులే చూసి వస్తారు.

కోటకు కొండ ఎక్కాల్సిన పని లేదు. 22వ నంబరు ట్రామ్‌లో 'ప్రాజ్‌స్కీ హ్రాద్' స్టాపులో దిగితే అక్కడి నుంచి నడక దాదాపు చదునుగానే ఉంటుంది. ట్రామ్ టికెట్ కాగితానిదైతే ఎక్కగానే పసుపు రంగు మెషీన్‌లో ముద్ర వేయించాలి. డబ్బు పెట్టి కొన్నాం కదా అని జేబులో ఉంచుకుంటే లాభం లేదు, తనిఖీకి వచ్చేవాళ్లు మామూలు బట్టల్లో ఉంటారు, ముద్ర లేకపోతే జరిమానా రాస్తారు. ట్రామ్‌లోని మెషీన్ దగ్గర కార్డుతో కొన్న టికెట్‌కు ఈ బాధ లేదు. 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రయాణం ఉచితం, వయసు తెలిపే గుర్తింపు మాత్రం దగ్గరుంచుకోండి.

కోట అంటే గోల్కొండలాంటిది కాదు. రాజభవనాలు, చర్చిలు, వీధులు కలిసిన ఒక చిన్న ఊరు. దాదాపు 70 వేల చదరపు మీటర్లు. తొమ్మిదో శతాబ్దంలో మొదలైంది, ఇప్పటికీ దేశాధ్యక్షుడి కార్యాలయం అక్కడే. మధ్యలో ఉన్న కెథడ్రల్‌ను 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తిచేశారు. మావాడు వేళ్ల మీద లెక్కపెట్టి "ఐదు వందల ఎనభై ఐదేళ్లా తాతయ్యా?" అన్నాడు. "మన ఇంటి పైఅంతస్తు నయంరా" అన్నారు నాన్న.

ఇప్పుడు కథ. కెథడ్రల్ పక్కనే పాత రాజభవనం ఉంది. అందులో వ్లాదిస్లావ్ హాలు ఎంత పెద్దదంటే, లోపలే గుర్రాల మీద ఈటెల పోటీలు జరిగేవి. దాన్ని ఆనుకుని ఉన్న కార్యాలయం గదిలో ఒక కిటికీ ఉంది. 1618 మే 23న చెక్ ప్రొటెస్టెంటు ప్రభువులు ఆ గదిలోకి దూసుకొచ్చారు. 1609లో చక్రవర్తి రాసిచ్చిన మతస్వేచ్ఛను కాలరాస్తున్నారని వాళ్ల కోపం. ఇద్దరు గవర్నర్లను, వాళ్ల కార్యదర్శిని ఎత్తి ఆ కిటికీలోంచి కిందికి విసిరేశారు. దాదాపు 20 మీటర్ల ఎత్తు. ముగ్గురూ బతికారు. మేరీ మాత కాపాడిందని కేథలిక్కులు అన్నారు, కింద చెత్తకుప్ప ఉందని ప్రొటెస్టెంట్లు అన్నారు. ఆ కార్యదర్శికి తర్వాత చక్రవర్తి ఇచ్చిన బిరుదుకు 'ఎత్తు నుంచి పడినవాడు' అన్న అర్థమే వస్తుంది. పిల్లలు ఇక్కడ నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ కిటికీ నుంచి మొదలైన గొడవే యూరప్‌ను తగలబెట్టిన ముప్పై ఏళ్ల యుద్ధమైంది. మిగతా కథ కిందికి దిగుతుంటే దొరుకుతుంది.

కోట నుంచి దిగే నెరుడోవా వీధి ఏటవాలుగా, రాళ్లు పరిచి ఉంటుంది. దిగడం కూడా మోకాళ్లకు పరీక్షే. అమ్మ, నేను మళ్లీ 22వ నంబరు ట్రామ్ ఎక్కి కింద మాలోస్త్రాన్‌స్కే స్క్వేర్‌లో దిగాం. తాతా మనవడు నడిచి వచ్చారు. ఆ వీధిలో పిల్లలకు మంచి ఆట ఉంది. 1770లో నంబర్లు వేసేదాకా అక్కడి ఇళ్లను తలుపుల మీది బొమ్మలతోనే గుర్తుపట్టేవారు. 'రెండు సూర్యులు', 'మూడు వయొలిన్లు' ఇలా. ఎవరు ఎక్కువ బొమ్మలు కనిపెడితే వాళ్లకు ఐస్‌క్రీమ్.

తర్వాత చార్లెస్ బ్రిడ్జి. పొడవు 516 మీటర్లు, రెండు పక్కలా 30 విగ్రహాలు. 1357 జూలై 9, తెల్లవారుజామున 5 గంటల 31 నిమిషాలకు నాలుగో చార్లెస్ రాజు పునాది వేశాడని చెప్పుకుంటారు. సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషాలు వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. ముహూర్తం పిచ్చి మనకొక్కరికే కాదని నాన్న సంబరపడ్డారు. సున్నంలో కోడిగుడ్లు కలిపారన్న కథ కూడా ఉంది. పాత మేడల గచ్చు గురించి మన పెద్దలు చెప్పే మాటే కదా.

వంతెన దాటి ఓల్డ్ టౌన్ వైపు వచ్చేచోట ఒక బురుజు ఉంది. కిటికీ కథ ఇక్కడ మళ్లీ అందుకోవాలి. 1620 నవంబర్ 8న ప్రాగ్ శివారులోని తెల్లకొండ దగ్గర చెక్ ప్రభువుల సైన్యం చక్రవర్తి సైన్యం చేతిలో ఓడిపోయింది. 1621 జూన్ 21న తిరుగుబాటు నాయకులు 27 మందికి మరణశిక్ష అమలు చేశారు. వాళ్లలో పన్నెండు మంది తలలను ఈ బురుజుకు వేలాడదీశారు. దాదాపు పదేళ్లు వాటిలో ఎక్కువ భాగం అలాగే ఉన్నాయి.

అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే ఓల్డ్ టౌన్ స్క్వేర్. టౌన్ హాల్ గోడ పక్కన నేల మీద రాళ్లలో తెల్లని శిలువ గుర్తులు కనిపిస్తాయి. జనం వాటి మీదే నిలబడి గడియారాన్ని ఫొటో తీస్తుంటారు. మావాణ్ని లెక్కపెట్టమన్నాను. "ఇరవై ఏడు" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, శిలువ మీద ఉన్న కాలు తీసి పక్కకు జరిగాడు. కోటలో నవ్విన కథ ఎక్కడికి వచ్చి ఆగిందో వాడికి నేను చెప్పక్కర్లేకపోయింది.

తిండి, డబ్బు

చెక్ దేశం యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా డబ్బు మాత్రం యూరో కాదు, కొరునా. కార్డు దాదాపు అన్నిచోట్లా చెల్లుతుంది. మెషీన్ 'పౌండ్లలోనా, కొరునాల్లోనా?' అని అడిగితే కొరునాలే నొక్కండి. పౌండ్లు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. 'కమిషన్ సున్నా' అని బోర్డు పెట్టిన మారకం దుకాణాల్లో ముందు చేతికొచ్చేది ఎంతో అడగండి. మోసపోయామనిపిస్తే రసీదుతో మూడు గంటల్లోపు తిరిగివెళ్లి రద్దు చేయించుకునే హక్కు అక్కడి చట్టం 2019 నుంచి ఇస్తోంది. వెయ్యి యూరోల విలువ వరకు ఇది వర్తిస్తుంది.

ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్లొచ్చు. పెరుగన్నం, పనీర్, పాలకోవా మాత్రం కుదరదు. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరు. చేతిసంచిలో పెట్టినా అంతే. అమ్మకు ఇది వీసా కన్నా పెద్ద కష్టంగా అనిపించింది.

శాకాహారులు పస్తులుండాల్సిన పని లేదు. 'స్మజెనీ సీర్' అంటే పొడి అద్ది వేయించిన చీజ్, బంగాళాదుంపలతో ఇస్తారు. 'బ్రాంబొరాక్' వెల్లుల్లి వేసిన బంగాళాదుంప అట్టు, అందులో గుడ్డు ఉంటుంది. సూపులు చాలావరకు మాంసం మరిగించిన నీళ్లతోనే చేస్తారు, కూరగాయల సూపు అన్నా అడిగే తాగండి. అడగటానికి 'బెజ్ మసా' అనే మాట నేర్చుకోండి, మాంసం లేకుండా అని అర్థం. వాళ్ల 'మసో', మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'మాంసం' దూరపు చుట్టాలే. రెండుకు 'ద్వా' అంటారు, మూడుకు 'త్రి'కి దగ్గరగా పలుకుతారు. నాన్న ఈ సంగతి పట్టుకుని సాయంత్రమంతా హోటల్ కుర్రాడితో అంకెలు చెప్పించుకున్నారు.

గోడ మీద పంచాంగం

ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా గడియారం ముందు ఉండండి. పదయితే నిలబడే చోటుండదు. రోజూ ఉదయం 9 నుంచి రాత్రి 11 వరకు గంట గంటకూ పైకిటికీల్లో అపొస్తలుల బొమ్మలు వరసగా కదులుతాయి. అది నిమిషంలో అయిపోతుంది, చాలామంది 'ఇంతేనా' అనుకుని వెళ్లిపోతారు. అసలు చూడాల్సింది బొమ్మల కింద ఉన్న చక్రం. 1410లో చేసినది. బంగారు రంగు సూర్యుడు, సగం నలుపు సగం వెండి రంగు చంద్రుడు, పన్నెండు రాశుల వలయం. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు పెరుగుతున్నాడో తరుగుతున్నాడో చెబుతుంది. బయటి వలయం పాత చెక్ లెక్క. మనకు రోజు సూర్యోదయంతో మొదలైతే వాళ్లకు సూర్యాస్తమయంతో.

మేం వెళ్లింది జూన్ చివరి వారాంతం. "సూర్యుడు మిథునంలో కదా ఉండాలి, ఇది కర్కాటకం చూపిస్తోందేం?" అన్నారు నాన్న. గడియారం తప్పు కాదు, మన పంచాంగమూ తప్పు కాదు. వాళ్లది సాయన పద్ధతి, రాశులను విషువత్తు నుంచి లెక్కిస్తారు. మనది నిరయన పద్ధతి, నక్షత్రాలను బట్టి లెక్క. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల ఈ రెండింటి మధ్య ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా వచ్చింది. అందుకే వాళ్ల లెక్కలో సూర్యుడు డిసెంబర్ 21, 22 ప్రాంతంలో మకరంలోకి వస్తే, మన సంక్రాంతి జనవరి 14, 15కి వస్తుంది. పెద్దవాళ్లతో వెళ్తే ఈ గడియారం ముందు పావుగంట ఎక్కువే పెట్టుకోండి.

గోడ నిండా పేర్లు

అక్కడి నుంచి ఐదారు నిమిషాల దూరంలో యోసెఫోవ్, పాత యూదుల పేట. అన్నీ చూడలేకపోతే పింకస్ సినగాగ్ ఒక్కటైనా చూడండి. లోపల గోడల నిండా పేర్లు. నాజీల చేతుల్లో చనిపోయిన చెక్, మొరావియా యూదుల పేర్లు, దాదాపు 80 వేలు. కుటుంబం పేరు ఎర్ర రంగులో, ఆ తర్వాత ఒక్కొక్కరి పేరు, పుట్టిన తేదీ. 1950లలో చేత్తో రాశారు. 1968 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో ఇరవై ఏళ్లకు పైగా మూసేశారు, రాతలు పాడయ్యాయి. 1992 నుంచి 1996 వరకు మళ్లీ అన్నీ రాశారు. పై అంతస్తులో తెరెజిన్ ఘెట్టోలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. వాళ్లకు బొమ్మలు నేర్పిన ఫ్రీడల్ డికర్-బ్రాండైస్, 1944లో తనను ఆష్‌విట్జ్‌కు తరలించే ముందు దాదాపు 4,500 బొమ్మలను రెండు పెట్టెల్లో దాచి వెళ్లింది. ఆమె తిరిగి రాలేదు, బొమ్మలు మిగిలాయి.

పిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా అని మేమూ ఆలోచించాం. పదేళ్లు దాటినవాళ్లను తీసుకెళ్లొచ్చని నా అభిప్రాయం. భయపెట్టే ఫొటోలేమీ ఉండవు, పేర్లు, బొమ్మలే. ముందురోజు రాత్రే రెండు ముక్కల్లో చెప్పి తీసుకెళ్లండి. మావాడు తన పుట్టినరోజుకు సరిపడే తేదీ వెతికాడు, దొరికింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మ ఒక ఎర్ర పేరు కింద ఉన్న పేర్లన్నీ వేలితో చూపిస్తూ "ఒక్క ఇంటివాళ్లే తొమ్మిదిమందిరా" అంది.

చివరగా, నది ఒడ్డున

విమానానికి ముందు గంటన్నర మిగిలితే నది ఒడ్డున నేషనల్ థియేటర్ దగ్గర కూర్చోండి. నిన్నటి కథ ముగిసేది అక్కడే. తెల్లకొండ ఓటమి తర్వాత ప్రొటెస్టెంట్లు వేలమంది దేశం విడిచారు. పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం తయారుచేసిన కొమీనియస్ వాళ్లలో ఒకడు, మళ్లీ స్వదేశం చూడకుండానే పోయాడు. కాలక్రమాన పాలనలో, పెద్ద చదువుల్లో, పట్టణాల్లో గొప్పవాళ్ల ఇళ్లలో జర్మన్ పైకొచ్చింది. చెక్ పల్లెల్లో, వంటిళ్లలో మిగిలింది.

అది మళ్లీ లేచింది పంతొమ్మిదో శతాబ్దంలో. యుంగ్‌మన్ ఐదు సంపుటాల నిఘంటువు కూర్చాడు. చెక్ భాషలో నాటకాలాడటానికి ఒక పెద్ద థియేటర్ కావాలని ఊరూరా చందాలు వసూలు చేశారు. 1881లో తెరిచారు. రెండు నెలలకే తగలబడింది. మళ్లీ చందాలు. 47 రోజుల్లో పది లక్షల గుల్డెన్లు పోగయ్యాయి. 1883 నవంబర్ 18న మళ్లీ తెరుచుకుంది. లోపల వేదిక పైన రెండే మాటలు రాసి ఉంటాయి, 'జాతి తనకు తానుగా ఇచ్చుకున్నది' అన్న అర్థంలో.

మావాడికి ఈ కథ చెప్పాను. శనివారం పొద్దున తెలుగు క్లాసంటే వాడికి ఒళ్లుమంట, అది ఈ ట్రిప్‌తో పోయిందని చెప్పను. కానీ విమానంలో తాతయ్య పక్కన కూర్చుని, బోర్డింగ్ పాస్ వెనక తన పేరు, తాతయ్య పేరు, నానమ్మ పేరు తెలుగులో రాశాడు. ఒత్తులు రెండు తప్పుపోయాయి. నాన్న దిద్దలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఎన్ని దేశాలు చూశారని ఎవరైనా అడిగితే ఒక్కటే అని చెబుతున్నాం. ఆ ఒక్కదాని గురించి ఇంట్లో ముగ్గురు మూడు కథలు చెప్పగలరు. వచ్చే సెలవుల్లో మీరు వేసే లెక్కలో దేశాలు తగ్గించి చూడండి.